పెద్దది పెట్ట డేగ

కరుణ అత్తయ్య భూస్థాపన అయిన మర్నాడు, ఇంటికి తాళం వేసే ముందు ఒక్కసారి చూసి వద్దామని కొండెక్కాను. విజయవాడ వన్‌టౌన్‌లో కొండవాలు మీద ఒకదాని నెత్తిన ఒకటి కట్టుకున్న ఇళ్ళలో అన్నిటికంటే పైన, బండరాతికి వీపు ఆనించి ఉంటుంది ఆ ఇల్లు. నేను పుట్టింది దాని కింది వాటాలో. అరవై దాటిన మోకాళ్ళతో ఆగి ఆగి డాబా మీదికి చేరేసరికి అక్కడ ఒకతను పొడవాటి కెమెరా పెట్టుకుని బండవైపు చూస్తూ కూర్చున్నాడు. పక్కింటివాళ్ళ బంధువట. ఉద్యోగం బ్యాంకులో, పిచ్చి పక్షుల మీద. నన్ను చూసి గబుక్కున లేచి, "సారీ ఆంటీ, పైన ఎవరూ లేరనుకున్నాను. వచ్చారు కాబట్టి ఒక్కసారి ఇది చూడండి," అంటూ కెమెరా వెనక తెర నా ముందు పెట్టాడు. బండ పగులులో ఒక డేగ కూర్చుని ఉంది. వీపు గోధుమరంగు, రొమ్ము మీద సిరా కారినట్టు నిలువు చారలు.

"ఇది పిల్ల. ఏడాది నిండలేదు. ఇంకా ఈక మార్చలేదు," అన్నాను. "ఆడది."

అతను నవ్వాడు. "పిల్లని నేనూ చెప్పగలనండీ. పక్కన ఇంకోటి లేకుండా ఆడదని ఎట్లా చెప్పారు?"

"ఆ కాళ్ళు చూడు బాబూ, ఎంత లావుగా ఉన్నాయో. ఆ రొమ్ము వెడల్పు చూడు. పోతు ఇంత బరువుగా కూర్చోదు."

"మీరు జువాలజీ మేడమా?"

"కాదు, నర్సుని. రిటైరయ్యాను."

"మరి ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"మా మావయ్య చెప్పాడు," అని మాత్రం అనగలిగాను. అంతకుమించి చెప్పాలంటే అక్కడ కూర్చోవాలి, పొద్దుపోయేదాకా చెప్పాలి. ముందురోజే అత్తయ్యను మట్టిలో పెట్టి వచ్చినదాన్ని. ఆ డాబా మీదే అవన్నీ జరిగాయి. అతను నిలబడ్డ చోటికి రెండడుగుల దూరంలో.

మా చిన్నప్పుడు ఆ కొండ మీద నీళ్ళు ఉండేవి కావు. కింద రోడ్డు పక్కన ఒక కుళాయి. తెల్లవారకముందే దాని చుట్టూ బిందెలు, వాటి వెనక ఆడవాళ్ళు, వాళ్ళ నోళ్ళలోంచి తిట్లు. మా అమ్మ పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చుని చిన్న ప్రార్థన చేసుకుని, "ఆమెన్" అనే మాట పూర్తి కాకుండానే చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని మెట్లు దిగేది. నాన్న రైల్వే లోకో షెడ్డులో రాత్రి డ్యూటీలు చేసి వచ్చి, చెవుల్లో దూది పెట్టుకుని పగలంతా నిద్రపోయేవాడు. ఆయన లేచేదాకా మేం గుసగుసగా మాట్లాడేవాళ్ళం. మా వాటాలో ఎప్పుడూ కిరోసిన్ పొయ్యి వాసన, నాన్న చొక్కాల్లోంచి బొగ్గూ నూనే కలిసిన వాసన. పై వాటాలోంచి మాత్రం వేరే వాసన దిగేది. ఎండిన రెట్ట, నానిన జొన్నలు, ఈకల మీది పిండిలాంటి పొడి. అది రత్నం మావయ్య పావురాల వాసన.

రత్నం మావయ్య అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో వెల్డరు. ముంజేతుల నిండా నిప్పురవ్వలు పడ్డ మచ్చలు. అందగాడు, ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు, క్రిస్మస్‌కి చర్చిలో పాట ఎత్తుకుంటే అందరూ వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. పని నుంచి వచ్చి ఒళ్ళు కడుక్కోకుండా, చెప్పులు విప్పకుండా నేరుగా డాబా ఎక్కేవాడు. ఒక్కొక్క పావురాన్నీ చేతిలోకి తీసుకుని, రెక్క విప్పి చూసి, గొంతు దగ్గర గింజల తిత్తి నిండిందో లేదో వేలితో తడిమి, ముక్కులో ముక్కు పెట్టి పలకరించేవాడు. పావురం ముక్కు మీది తెల్లటి బుడిపె చూసి దాని వయసు చెప్పేవాడు. మెడ పట్టుకుని అది పోతో పెట్టో చెప్పేవాడు. పందేలకు ఎగరేసే పావురాలవి. వెదురుగడ చివర నల్లగుడ్డ కట్టి ఊపితే గుంపుగా లేచి, చుక్కల్లా కనపడేంత పైకి వెళ్ళి గంటలకొద్దీ తిరిగేవి. వాటిలో ముత్యం అనే తెల్ల పావురం ఉండేది. దాని పేరు చెబితే వన్‌టౌన్‌లో పావురాల వాళ్ళందరికీ తెలుసు.

ఆ పావురాలకు తాగడానికీ, మునగడానికీ ఒక సిమెంటు తొట్టి. అది నిండుగా ఉండాలి. నింపాల్సింది కరుణ అత్తయ్య. చల్లపల్లి దగ్గర కాలవ గట్టున పుట్టిన పిల్ల, ఇంటి వెనక మెట్టు దిగితే నీళ్ళు. పెళ్ళయి వచ్చిన కొత్తలో, "వదినా, ఇక్కడ నీళ్ళు కూడా మెట్లెక్కాలా?" అని అమ్మను అడిగిందట. సన్నగా, పొట్టిగా, మాట బయటికి వినపడనంత నెమ్మదిగా ఉండేది. రోజుకు ఎన్ని బిందెలు మోసేదో నేను లెక్కపెట్టలేదు గానీ, ఆవిడ నడుము మీద బిందె అంచు ఒరుసుకుని కాయ కాసిన చోటు నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. తొట్టి అడుగంటితే మావయ్య ముందు అరిచేవాడు, తర్వాత కొట్టేవాడు. పైనుంచి ఆ చప్పుడు మొదలవగానే అమ్మ గరిటె కింద పడేసి మెట్లెక్కేది. "ఒరేయ్ రత్నం! చెయ్యి దించు!" అనేది. దించేవాడు. అక్క అంటే గౌరవం. అక్క దిగి వెళ్ళాక మళ్ళీ ఎత్తేవాడు. ఇవన్నీ ఆ రోజుల్లో కొండ మీద ఇంకే ఇంట్లోనూ లేవని మాత్రం నేను అనలేను.

ఆ ఏడు నేను హైస్కూల్లో చేరాను. చలికాలం చివర్లో పై బండ పగులులో ఒక డేగల జంట చేరింది. పావురాల వాళ్ళు దాన్ని బైరి అంటారు. నల్లటి నెత్తి, ముదురు నీలపు వీపు, పొట్ట మీద సన్నటి అడ్డచారలు. ఒకటి పెద్దది, ఇంకొకటి దానికి మూడొంతుల్లో రెండొంతులుండేది. అవి వేటాడే తీరు చూసినవాళ్ళు మర్చిపోలేరు. అంత ఎత్తున చుక్కలా ఉన్నది రెక్కలు ముడిచి రాయిలా పడేది. గాలి చీల్చుకునే చప్పుడు ముందు, ఆ వెంటనే "ఠప్" మని ఒక దెబ్బ. ఆకాశంలో ఈకలు పువ్వులా విచ్చుకునేవి. కింద అమ్మ చాప మీద ఆరబోసిన మిరపకాయల మీద ఆ తెల్ల ఈకలు నెమ్మదిగా రాలేవి. ఒక్కోసారి పావురం తల ఒక్కటే పడేది.

మావయ్య వాటిని రోజంతా కనిపెట్టి చూసేవాడు. ఆయనకొక లెక్క ఉండేది. పెద్దది పోతు, చిన్నది పెట్ట. అప్పుడప్పుడూ బండ దగ్గరికి వచ్చి ఆ రెండిటి చేతా తన్నులు తిని పోయే గోధుమరంగు చారలది వేరే జాతి దొంగగద్ద. అది ఆ జంటకే కిందటేడు పుట్టిన పిల్ల అని మాకెవరికీ తెలీదు. "పోతును లేపేస్తే పెట్ట తోక ముడుచుకుని అదే పోద్ది," అనేవాడు. పావురాల దగ్గర పోతే కాస్త పెద్దది. కోళ్ళలో పుంజే పెద్దది. మనుషుల్లో సంగతి ఆయన అద్దంలో చూసుకునేవాడు. ఇంక డేగల్లో మాత్రం వేరుగా ఎందుకుంటుంది?

ముత్యాన్ని కొట్టిన రోజు ఆదివారం కాదు, మావయ్య పనికి పోలేదు అంతే. అత్తయ్య నీళ్ళకు కింద కుళాయి దగ్గర ఉంది. మావయ్య లోపల భోంచేస్తున్నాడు. గుంపు పైన తిరుగుతోంది. దెబ్బ చప్పుడు విని ఎంగిలిచేత్తో పరిగెత్తుకొచ్చేసరికి పెద్ద డేగ ముత్యాన్ని కాళ్ళకింద వేలాడేసుకుని బండ వైపు పోతోంది. ఆయన ఏడవలేదు. గోడ పట్టుకుని నిలబడి చూశాడు. అత్తయ్య చంకన బిందెతో చివరి మెట్టు ఎక్కింది.

"గుంపు పైనుంటే ఆకాశం కనిపెట్టి ఉండమన్నానా లేదా?"

"తొట్టి ఖాళీగా ఉందని..."

ఆ మాట పూర్తి కాలేదు. పావురాలను లేపే వెదురుగడ చేతికి అందింది. బిందె పడి మెట్ల మీద దొర్లుకుంటూ మా వాకిట్లోకి వచ్చింది. నీళ్ళు దాని వెనకే వచ్చాయి. అమ్మ ఎక్కేసరికి గడ విరిగిపోయి ఉంది. అత్తయ్య తొట్టి పక్కన ముడుచుకుని, రెండు చేతులూ పొట్ట మీద అడ్డం పెట్టుకుని ఉంది. అప్పటికి ఆవిడకి నాలుగో నెల. ఆ వారంలోనే అమ్మ రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. తిరిగొచ్చినప్పుడు అత్తయ్య పొట్ట మీద చేతులు లేవు. రెండూ పక్కన వేలాడుతున్నాయి. మా గుమ్మం ముందు ఆగి నా వైపు చూసింది గానీ, నన్ను చూసినట్టు లేదు.

మావయ్య మూడు రోజులు తాగి, నాలుగో రోజు అమ్మ దగ్గరికొచ్చి, "ఆ డేగ వల్లే అక్కా. అది ముత్యాన్ని కొట్టకపోతే నా బిడ్డ దక్కేది," అన్నాడు. నమ్మే అన్నాడు. ఆయన కళ్ళు చూస్తే అబద్ధం చెబుతున్నట్టు లేదు. అమ్మ ఆయన మొహం మీద తలుపు వేసింది. ఆవిడ తమ్ముడి మొహం మీద తలుపు వేయడం నేనదే చూడటం.

బాషా అని మావయ్యకు ఒక స్నేహితుడు. ఆయనకీ పావురాలు ఉండేవి. ఆయనా మావయ్యా కలిసి ఒక ముసలి పావురానికి తోలుతో చిన్న చొక్కాలాంటిది కుట్టారు. దాని వీపంతా నైలాను దారంతో సన్నటి ఉచ్చులు వేశారు. కాలికి పొడుగు తాడు, తాడు చివర ఇటుక. దాన్ని డాబా మీంచి ఎగరేస్తే పాపం ఎటూ పోలేక గిలగిలా కొట్టుకుంది. పైన ఉన్న పెద్ద డేగకు అంతకంటే ఏం కావాలి? రాయిలా దిగింది. పావురాన్ని పట్టింది, మళ్ళీ లేవబోయింది. వేళ్ళు ఉచ్చుల్లో బిగిశాయి, ఇటుక వెనక్కి లాగింది. రెండూ కలిసి మా డాబా మీదే పడ్డాయి. మావయ్య గోనెపట్టా పట్టుకుని దాని మీద దూకాడు. వెల్డింగు తోలు గ్లౌజులు అక్కడే గోడ మీద ఉన్నాయి, తొడుక్కునే ఓపిక లేకపోయింది. డేగ వెల్లకిలా తిరిగి కాలు విసిరింది. గోరు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో ఇటునుంచి అటు దిగిపోయింది. మావయ్య కేక వేశాడు గానీ వదల్లేదు. డేగా వదల్లేదు. బాషా ఒక్కొక్క వేలూ విడదీసి, కాళ్ళకు ఇనుపతీగ చుట్టేదాకా ఇద్దరూ ఒకరినొకరు అలా పట్టుకునే ఉన్నారు.

క్షణంలో కొండంతా మా డాబా మీదికి వచ్చింది. మావయ్య దాని రెండు రెక్కలూ చాపి పట్టుకుని నిలబడ్డాడు. చేతి నుంచి కారిన రక్తం మోచేయి దాకా వచ్చింది. డేగ నోరు తెరిచి రొప్పుతోంది తప్ప అరవలేదు. దాని కళ్ళు నల్లగా, పెద్దగా, చుట్టూ పసుపు రింగుతో ఉన్నాయి. అది మా ఎవరి వైపూ చూడలేదు. తల తిప్పి తిప్పి బండ వైపే చూసింది.

"ఎంత పెద్దదో చూశారా! పోతు!" అన్నాడు మావయ్య.

అమ్మ దగ్గరికి వెళ్ళింది. కోడిని కొనేటప్పుడు చూసినట్టు దాని పొట్ట మీద ఈకలు ఊది చూసింది. కింద చర్మం బోడిగా, ఎర్రగా ఉంది. వేలు పెట్టి, "కాలిపోతోంది," అంది. తర్వాత తమ్ముడి మొహం చూసి, "ఒరేయ్, ఇది పొదిగిన పొట్టరా. పిల్లల తల్లిది ఇది," అంది.

"డేగల్లో పోతే పెద్దదక్కా. నీకు తెలీదు. ఏ జాతిలోనైనా అంతే."

"నాకు డేగల సంగతి తెలీదు. పొదిగిన పొట్ట తెలుసు."

జనంలో ఎవరో నవ్వారు. అది మావయ్యకు తగిలింది. అప్పుడే అత్తయ్య లోపలి గది గుమ్మంలోకి వచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడ మంచం దిగడమే తక్కువ, మాట్లాడటం అసలే లేదు. తలుపు పట్టుకుని నిలబడి, "వదిలెయ్యండి," అంది.

మావయ్య ఆవిడ వైపు చూశాడు. చాలాసేపు చూశాడనిపిస్తుంది నాకు, అంత సేపు చూసి ఉండడు. డేగను రెండు కాళ్ళూ కలిపి పట్టుకుని, బట్టలుతికినట్టు, డాబా పిట్టగోడకేసి కొట్టాడు. మొదటి దెబ్బకు ఒక రెక్క విరిగి విచ్చుకుంది. అప్పుడు అరిచింది. రెండో దెబ్బకు తల వాలిపోయింది. ఆ తర్వాత కూడా కొట్టాడు. రక్తం గోడ మీద, అమ్మ చీర మీద, ముందు వరసలో నిలబడ్డ నా చేతుల మీద పడింది. వెచ్చగా ఉంది. బాషా మొహం పక్కకు తిప్పుకున్నాడు. అత్తయ్య తిప్పుకోలేదు. అంతా అయ్యేదాకా చూసి లోపలికి వెళ్ళి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. మావయ్య ఆ డేగను పావురాల గూడు మీద కొత్త గడకు తలకిందులుగా వేలాడదీశాడు.

చిన్న డేగ ఆ సాయంత్రమంతా పైన తిరుగుతూ అరిచింది. "పెట్ట ఏడుస్తోంది. మొగుడు పోయాడు కదా," అన్నాడు మావయ్య. మర్నాడు కూడా అది పోలేదు. పోకపోగా ఇంకో పావురాన్ని ఎత్తుకుపోయింది. తోక ముడుచుకుని పోవాల్సిన పెట్ట పోకపోవడం ఆయనకు అవమానమైంది. "గూడే లేకుండా చేస్తాను," అని, బాషా ఎంత వారించినా వినకుండా, నడుముకు తాడు కూడా కట్టుకోకుండా, పైనుంచి వేలాడదీసిన తాడు పట్టుకుని బండ మీంచి పగులులోకి దిగసాగాడు. మేమంతా కింద వాకిళ్ళలో నిలబడి చూస్తున్నాం. అమ్మ ఏదో కీర్తన గబగబా గొణుగుతోంది.

చిన్నది మొదటిసారి పక్కనుంచి దూసుకుపోయింది. మావయ్య నవ్వి, దాన్ని బూతు తిట్టాడు. రెండోసారి సూర్యుడి వైపు నుంచి వచ్చింది. ఎవరికీ కనపడలేదు. ఆ "ఠప్" మనే చప్పుడు మాత్రం కిందికి వినపడింది. నెత్తి మీది చర్మం నుదుటి దాకా చీలింది. కళ్ళలోకి రక్తం కారడంతో తుడుచుకోవడానికి ఒక చెయ్యి వదిలాడు. ముందురోజు గోరు దిగి వాచిన చెయ్యి ఒక్కటీ ఆయన బరువు ఆపలేకపోయింది. ఎవరిదో మేకల పాక రేకుల కప్పు మీద పడి, దాన్ని చీల్చుకుని కిందపడ్డాడు. రేకులే ప్రాణం కాపాడాయి అన్నారు డాక్టర్లు. వెన్నుపూస మాత్రం విరిగింది. నడుం కింద ఏదీ ఆయనది కాకుండా పోయింది.

కొన్ని రోజులకు బాషా తాడు గట్టిగా కట్టుకుని ఆ పగులులోకి దిగి చూసి వచ్చాడు. ఎందుకు దిగావని ఎవరూ అడగలేదు. మా గుమ్మంలో కూర్చుని తల పట్టుకుని చెప్పాడు. "మూడు పిల్లలక్కా. దూదుండల్లా ఉన్నై. చచ్చిపోయి ఉన్నై. వాటి చుట్టూ గోరింకలు, చిలకలు, రత్నం పావురం కూడా. తిండి కుప్పపోసుంది. తెచ్చి పడేశాడు తండ్రి. చీల్చి నోట్లో పెట్టే తల్లి లేదు, ఎండకి రెక్క అడ్డం పెట్టే తల్లి లేదు." అమ్మ లోపలికెళ్ళి ఆయనకు మంచినీళ్ళు తెచ్చింది.

మావయ్యను ఇంటికి తెచ్చాక, ఒంట్లో బలానికి సూపు పట్టమన్నారు. మొదటి రోజు అత్తయ్య గిన్నెలో సూపు తెచ్చి పక్కన పెట్టింది. మిరియాలు, అల్లం వాసన మా వాటాలోకి కూడా వచ్చింది. మావయ్య తాగాడు. రెండో రోజు ఎముక నోట్లోంచి తీసి వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. నేను అక్కడే విసనకర్రతో విసురుతున్నాను.

"ఇది కోడి కాదు."

అత్తయ్య నీళ్ళ చెంబు మంచం పక్కన పెట్టింది.

"పావురం. ఏడాది కూడా నిండలా. పెట్ట."

"అవును," అంది అత్తయ్య.

గిన్నె ఎత్తి ఆవిడ మొహాన విసిరాడు. కాళ్ళు పోయాయి గానీ చేతులు బాగానే ఉన్నాయి. వేడి సూపు ఆవిడ చెంప మీద, మెడ మీద పడింది. కొంగుతో తుడుచుకుంది. కింద పడిన ముక్కలు ఎత్తింది. గిన్నె కడిగి, కుండలో మిగిలింది పోసి, మళ్ళీ తెచ్చి అక్కడే పెట్టింది. "తినండి. మీవే," అంది. ఆ రోజు తినలేదు. మర్నాడు ఇంకొకటి వండింది. ఆ మర్నాడు ఇంకొకటి. వేరే ఏదీ వండలేదు. అమ్మ ఉండబట్టలేక, "కరుణా, ఎవరికన్నా ఇచ్చెయ్యరాదూ? అంత పగ మంచిది కాదే," అంది.

"ఆయన ప్రాణంగా పెంచుకున్నారు వదినా. పరాయి వాళ్ళకెట్లా ఇస్తాం?" అంది అత్తయ్య. ఆ గొంతులో ఎగతాళి ఉందేమోనని నేను చాలా ఏళ్ళు వెతుక్కున్నాను. దొరకలేదు.

ఆకలి ముందు ఎవరి పౌరుషమూ నిలవదు. మావయ్య తినడం మొదలుపెట్టాడు. ప్రతిరోజూ తినే ముందు రొమ్ము ఎముక వేలితో తడిమి, భోజనానికి ముందు చేసే ప్రార్థనలా, "పోతు, మూడేళ్ళది," "పెట్ట, ముసలిది," అని చెప్పి తినేవాడు. కళ్ళలోంచి నీళ్ళు గిన్నెలో పడుతుంటే అలాగే తినేవాడు. డాబా మీద గురగుర రోజురోజుకూ పలచబడింది. ఒక పొద్దున లేచేసరికి కొండ మీద ఎన్నడూ లేనంత నిశ్శబ్దం. అత్తయ్య గూడు చెక్కలు గొడ్డలితో చీల్చి పొయ్యిలో పెట్టి, ఆయన స్నానానికి నీళ్ళు కాచింది.

ఆ తర్వాత ఆయన ఇరవై ఏళ్ళకు పైగా బతికాడు. అత్తయ్య ఒక కుట్టుమిషను పెట్టుకుని కొండ మీద ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టి ఆయనను సాకింది. ఒంటికి పుండు పడకుండా రోజూ అటూ ఇటూ తిప్పేది. నర్సింగ్‌లో చేరాక నాకు తెలిసింది, అన్నేళ్ళు మంచంలో ఉన్న మనిషికి ఒక్క పుండు కూడా పడకపోవడమంటే ఎంత చాకిరీయో. ప్రేమ ఉన్న ఇళ్ళ నుంచి కూడా నేను పుండ్లు పడిన ఒళ్ళు ఎన్నో చూశాను. ఇంకొకటి కూడా ఆ ఉద్యోగంలో చూశాను. మెట్ల మీంచి పడ్డామనీ, బాత్రూములో జారామనీ చెప్పి వచ్చే ఆడవాళ్ళు. దెబ్బ వయసు దాని రంగే చెబుతుంది. ఎరుపు నిన్నటిది, నీలం అంతకు ముందుది, పసుపు పచ్చనిది పోయిన వారానిది. మూడు రంగులూ ఒకే చేతి మీద ఉంటే ఆ మెట్లు ఎక్కడివని అడిగేదాన్ని కాదు, తలుపు వేసి పక్కన కూర్చునేదాన్ని. ఇప్పుడు ఆడపిల్లలు నోరు తెరిచి చెబుతున్నారు, కేసు పెడతామంటున్నారు, కొందరు పెడుతున్నారు కూడా. ఇప్పుడు కొండ మీద ఇంటింటికీ మోటారుతో నీళ్ళు ఎక్కుతాయి. పావురాలు రాకుండా కిటికీలకు వలలు కట్టుకుంటున్నారు. మేలే జరిగింది, ఆ పాత రోజులు బంగారమని నేనెప్పుడూ అనను. కానీ అత్తయ్యను అప్పుడు పక్కన కూర్చుని అడిగినవాళ్ళు లేరు. అమ్మ కూడా తమ్ముడి చెయ్యి ఆపింది గానీ, ఆవిడను అడగలేదు.

మావయ్య మంచం పగలంతా డాబా మీదే ఉండేది. వెల్లకిలా పడుకున్న మనిషికి ఆకాశం తప్ప చూడటానికేముంది? చిన్న డేగ పోలేదు. మరుసటి ఏడు అది ఒక కొత్త జతను తెచ్చుకుంది. ఆ వచ్చింది ఇంకో గోధుమరంగు చారలది, దీనికంటే పెద్దది. మావయ్య రోజుల తరబడి చూశాడు. ఏది దేని వీపు మీదికి ఎక్కిందో చూశాడు. ఏది గూట్లో కూర్చుంటే ఏది వేట తెచ్చిచ్చిందో చూశాడు. ఈకలు మార్చి నిలువు చారలు పోయి అడ్డచారలు రావడం చూశాడు. ఆ ఏడు, ఆ తర్వాతి ఏడు, గూట్లోంచి దిగిన పిల్లలన్నీ నిలువు చారలతోనే రావడం చూశాడు. సెలవులకు వచ్చినప్పుడు నన్ను మంచం దగ్గర కూర్చోబెట్టుకుని, "అదుగో అమ్మాయ్, ఆ సన్నది పోతు. రెక్క ఎంత వడిగా కొడతందో చూడు. అదుగో, ఆ బండలాగా కూర్చుందే, అది పెట్ట," అని చూపించేవాడు. నాకు తెలిసిందంతా అలా తెలిసిందే. ఆ మాటలు చెప్పేటప్పుడు ఆయన ఎడమచెయ్యి కుడిచేతి బొటనవేలి దగ్గరి మచ్చను రుద్దుతూ ఉండేది.

నా పెళ్ళికి ముందు ఒక మధ్యాహ్నం గుర్తుంది. నేను డాబా మీద తల ఆరబెట్టుకుంటున్నాను. అత్తయ్య నీడలో కూర్చుని రోట్లో పచ్చడి నూరుతోంది. ఆవిడ ఎప్పుడూ పైకి చూసేది కాదు. డేగలు అరిచినా, మావయ్య చూపించినా తలెత్తేది కాదు. ఆ రోజు పైన పెద్దదీ చిన్నదీ పిల్లలకు ఎగరడం నేర్పుతున్నాయి. మావయ్య చాలాసేపు చూసి, అటు తిరక్కుండానే, "కరుణా," అని పిలిచాడు. పేరు పెట్టి పిలవడం నేనెప్పుడూ వినలేదు. "ఆ రోజు నువ్వు చెప్పావు, అది తల్లి అని. నేనే విన్లేదు. పోతనుకున్నాను. పెట్టని తెలిస్తే చంపేవాణ్ణి కాదు."

రోకలిబండ ఆగింది. అత్తయ్య చేతికంటిన పచ్చడి రోటి అంచుకు తుడిచింది.

"తల్లి అని చెప్పింది వదిన," అంది. "నేను వదిలెయ్యమన్నాను. అంతే. పోతైనా వదిలెయ్యమనేదాన్నే."

అత్తయ్య ఉప్పు సరిపోయిందో లేదో నాలిక మీద వేసుకుని చూసి, ఇంకాస్త వేసి, మళ్ళీ నూరడం మొదలుపెట్టింది.